ఫోటో కోసం పాఠం

మొయినాబాద్‌లో బస్సెక్కి చేవెళ్ల వైపు బడికి వెళ్లేటప్పుడు, ఒకప్పుడు ఆ రోజు చెప్పబోయే లెక్కను మనసులోనే ఒకసారి చేసి చూసుకునేదాన్ని. ఇప్పుడు కనకమామిడి దాటకముందే ఫోన్ తీస్తున్నాను. టీచర్ల వాట్సాప్ గ్రూపులో కొత్తగా ఏ పని వచ్చి పడిందోనని వెతుకుతున్నాను.

మా హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది నేనొక్కదాన్నే. ఫోన్ మీద చెయ్యి చురుకని పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, అడిగినవీ అడగనివీ అన్నీ ఫోన్లో పైఅధికారులకు పంపే పని నాకే అంటగట్టారు. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. హెడ్మాస్టర్ చెడ్డవాడేం కాదు, పైవాళ్లతో తిట్లు తినేది ఆయనే. గుమ్మంలో నిలబడి, "మేడం, జర ఆ వివరాలు పంపుండ్రి. పైకెల్లి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయి, మన బడే మిగిలిందంట" అంటాడు. అప్పటికి లెక్క సగంలో ఉంటుంది.

కొన్నాళ్లకు పాఠం జరుగుతున్నట్టు ఫోటోలు కూడా పంపమన్నారు. సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. గంట కొట్టగానే బోర్డు మీద బొమ్మ గీసి, సుద్దముక్క పట్టుకుని నిలబడతాను. పిల్లలు పుస్తకాలు తెరుస్తారు. పక్క గది టీచరు వచ్చి ఫోటో తీస్తుంది. "చదువుకుంటూ ఉండండి" అని చెప్పి నేను డాబా మీదికి పరుగు. దిగేసరికి పీరియడ్ అయిపోవస్తుంది. ఫోటోల్లో మాత్రం మా తరగతి కళకళలాడుతోందని పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎత్తులు, దూరాల లెక్క అర్థం కాలేదని ముందు బెంచీ అమ్మాయి ఒకతి రోజూ అడిగేది. రోజూ "రేపు చెప్తా" అనేదాన్ని. ఆ తర్వాత అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు బస్సులో ఇంటిదాకా భయం వేస్తూనే ఉంది. వీళ్లు ఫెయిలవుతారన్నది ఒక భయం. ఫెయిలైనా నాకేమీ అనిపించదేమోనన్నది అంతకన్నా పెద్ద భయం.

మర్నాడు ఫోన్‌ను సంచిలో పడేసి, బోర్డు మీద ఆ ఎత్తుల లెక్క కోసం వాటర్ ట్యాంకు బొమ్మ గీసి వెనక్కి తిరిగాను. పిల్లలంతా టక్కున నిటారుగా కూర్చున్నారు. జడలు సర్దుకున్నారు, కాలర్లు సరిచేసుకున్నారు. ఒక్కరూ నా వైపు చూడటం లేదు. ఫోటో తీసే టీచరు కోసం అందరి కళ్లూ గుమ్మం మీదే ఉన్నాయి.

"ఎవ్వరూ రారు. పాఠం చెప్తున్న" అన్నాను.

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. "నిజంగనేనా మేడం? అయితే నోట్సు తీయమంటరా?"

"తీయుండ్రి" అన్నాను. మళ్లీ బోర్డు వైపు తిరిగాను.

మొదటి వరుస రాశానో లేదో, సంచిలో ఫోన్ మోగింది. ఎత్తకూడదనే అనుకున్నాను. ఆగి, మళ్లీ మోగింది. నేనింకా సంచి వైపు చూడనైనా లేదు, ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టేసింది.