నీడన పండు తినకూడదు!

చలికాలంలో ఎవరైనా నీడన నిలబడి పండు తింటే మా గురునాథరావుకి ఒళ్లు మండిపోతుంది. ధరల మీదా దొరల మీదా నాకెంత కోపమో, నీడన కొరికిన జామపండు మీద ఆయనకంత కోపం.

"ఏటి బావా ఇది? పొద్దుగూకినాక అరిటిపండా? కఫం కొండలా పేరుకుపోద్ది!" అంటూ బస్టాపులో ముక్కూమొహం తెలియనివాడి చేతిలోంచి పండు లాగేసుకున్న ఘనుడు. ఎలమంచిలి రైతుబిడ్డ. స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి రిటైర్మెంటు వచ్చింది గానీ ఆయుర్వేదానికి రాలేదు.

ఒక పెళ్లి విందులో పండుముక్కలు కలిపిన ఐస్‌క్రీం పెట్టారు. "పండుకీ పాలకీ పడదు, పైగా ఐసొకటా! ఇది విందా, విషమా?" అని పెళ్లికొడుకు చేతిలో కప్పు ఊడలాక్కున్నాడు. ఆ ఇంట్లో మరే శుభకార్యానికీ ఈయన్ని పిలవలేదు.

అలాంటి మనిషి మొన్న పుష్యమాసంలో ఫిషింగ్ హార్బర్ దగ్గర మా దీక్షా శిబిరంలో ఊడిపడ్డాడు.

గంగాలమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి. వాళ్లంతా తరతరాలుగా చేపలు ఎండబెట్టుకునే దిబ్బకి అధికారులు కంచె కట్టి తాళం వేసేశారు. కార్లు పెట్టుకోడానికట! చేపలకి దక్కని ఎండ కార్లకెందుకో ఏలినవారే చెప్పాలి. తాళం తీసేదాకా మెతుకు ముట్టనని ఆవిడ ఐసు ఫ్యాక్టరీ గోడవార కూర్చుంది.

ఆవిడ బాగా నీరసించాక ఒక ఆఫీసరు ఫొటోగ్రాఫర్లను వెంటేసుకుని, ఐసు వేసిన బత్తాయిరసంతో దిగాడు. తాళం సంగతి అడిగితే "పరిశీలిస్తాం" అన్నాడు. తాగితే దీక్ష పోతుంది, తాళం మిగులుతుంది. తాగకపోతే మనిషే దక్కేలా లేదు.

గ్లాసు గంగాలమ్మ పెదాల దాకా వెళ్లింది. గురునాథరావు దాన్ని లాక్కుని ఇసకలో పారబోశాడు.

"సలికాలం, కాళీ కడుపు, ఐసు, ఆపైన నీడ! మనిసిని సంపేత్తారేటి?"

"ఎవరండీ ఈయన?" అన్నాడు ఆఫీసరు.

"చలికాలం పండు ఎండలోనే తినాలంటాడండీ. ఆయనంతే" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"సరే, ఎండలోకి పదండి. త్వరగా!"

ఎండేదీ? ఇటంతా గోడనీడే. ఎండంతా కంచె అవతల దిబ్బ మీద పరుచుకుని ఉంది.

"మరక్కడికే నడండి" అన్నాడు గురునాథరావు.

"తాళం వేసుందిగా!"

"తాళంసెవి మీ కాడే ఉంది కదా బాబూ. ఫొటో కావాలా, వొద్దా?"

ఫొటో కావాలి. తాళం తీయించారు.

"తీసేదాకా ముట్టనన్నాను. తీసినారు. ఇప్పుడు తింతాను" అంది గంగాలమ్మ, ఎండలో చతికిలబడుతూ. గురునాథరావు సంచీలోంచి వెచ్చటి బత్తాయి తీసి, తొనలు ఒలిచి చేతిలో పెట్టాడు. కెమెరాలు ఆవిడ చుట్టూ మూగాయి. ఆలోగా ఆడవాళ్లంతా తట్టలు దించి చేపలు పరిచేశారు. ఆఫీసరు తేరుకునేసరికి దిబ్బ మీద కాలు పెట్టే చోటు లేదు.

"తినడం అయిందిగా? ఇక అందరూ బయటికి రండి!"

"తిన్న మనిసిని కదిపీకూడదు! పండు అరగాల" అని కస్సుమన్నాడు గురునాథరావు.

"ఎంతసేపు?"

"సలికాలంలో కడుపులో నిప్పు సల్లారిపోద్ది బాబూ. శివరాత్రికి సలి శివశివా అని ఎల్లిపోద్ది కదా, అప్పుడు సూద్దాం."

చలికాలంలో జఠరాగ్ని భగభగమంటుందనీ, రాళ్లు తిన్నా అరుగుతాయనీ మొన్ననే గంటసేపు నాకు క్లాసు పీకింది ఈయనే! అదేమిటని అడగబోయాను.

ఆయన నా నోట్లో ఒక తొన కుక్కేశాడు.