మందంగా వేసిన రోడ్డు

నేను అమీర్‌పేటకు వచ్చింది కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి. ముందుగా నేర్చుకున్నది మాత్రం ఇంట్లోంచి నీళ్లు తోడిపోయడం. ఉద్యోగానికి అదీ పనికిరాలేదు, ఇదీ పనికిరాలేదు. అది వేరే సంగతి.

ఇంజనీరింగ్ పాసైన ప్రతివాడూ అప్పట్లో అమీర్‌పేటలో ఒక కోర్సు, ఒక మంచం వెతుక్కునేవాడు. నాకు మంచం పంజాగుట్ట వైపు గల్లీలో, ఒక పెద్దమ్మ ఇంట్లో దొరికింది. భర్త పోయాక ఆమె ముందు గదిలో కోర్సుల కుర్రాళ్లకు మెస్ పెట్టింది. ఆమె బతుకు, మా భోజనం రెండూ ఆ గదిలోనే. వెనక గది నాది.

ఆ ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి మెట్లెక్కి లోపలికి వెళ్లేవారట. నేను చేరేనాటికి దిగి వెళ్లాల్సి వచ్చేది. ఇల్లు కుంగలేదు, రోడ్డు ఎదిగింది. పాత రోడ్డు మీద కొత్తది, దాని మీద ఇంకోటి వేస్తూ పోయారు. మా బ్యాచ్‌లో ఎవరికీ ఇంకా ఉద్యోగం రాలేదు. ఐటీ పుణ్యమా అని ముందుగా పైకొచ్చింది మా గల్లీ రోడ్డే.

గల్లీలో మిగతావాళ్లు తెలివైనవాళ్లు. మొదటి ఇంటివాళ్లు గేటు ముందు సిమెంటు దిమ్మ కట్టారు. వాళ్లింట్లోకి రావాల్సిన వాన నీళ్లు పక్కింట్లోకి వెళ్లాయి. పక్కింటివాళ్లు ఇంకో జానెడు ఎత్తు కట్టారు. అలా ఒకరికొకరు మర్యాదగా అప్పగించుకుంటూ తెచ్చి నీళ్లను పెద్దమ్మ గేటు దగ్గర వదిలిపెట్టారు. ఇంటి వెనక నాలాలోకి పోయే కాలువ మీద అప్పటికే అపార్ట్‌మెంట్ లేచింది. అంచేత లోపలికి వచ్చిన నీళ్లు చుట్టాల్లా ఉండిపోయేవి.

పెద్దమ్మ చేయగలిగింది చేసింది. ఇంట్లో మొరం పోయించి నేల ఎత్తు పెంచింది. ఇంటికప్పు ఎక్కడిదక్కడే ఉంది కాబట్టి, చొక్కా తొడుక్కునే ముందు ఫ్యాన్ ఆపాలన్నది నా గదికి నియమమైంది.

“ఇంకోపారి నింపిస్తే ఎట్లుంటది పెద్దమ్మా?” అని అడిగాడు మెస్‌లో ఒకడు.

“ఏముంటది బిడ్డా, నేను పండుకొని వండాలె, మీరు పండుకొని తినాలె.”

అంటే ఇంకొక్క రోడ్డు పడితే మెస్ మూతే. ఆ సంగతి అందరికీ తెలుసు. తారు డబ్బాలతో, రోలర్‌తో వచ్చినవాళ్లకు తప్ప.

వాళ్లు ఎండాకాలం చివర్లో వచ్చారు. తలకు తువ్వాలు చుట్టుకున్న మేస్త్రీ ముందు పెద్దమ్మ గరిటెతో సహా నిలబడింది.

“పాత రోడ్డు గీకరా?”

“గీకుమని మాకెవరు చెప్పలే పెద్దమ్మా. ఎయ్యుమన్నరు, ఏస్తున్నం.”

“పెనం గీకకుండ దోశ మీద దోశ ఏస్తరా ఎవరన్న? మీ సార్‌ను అడుగు.”

“సార్‌కు సుత ఎయ్యుమనే చెప్పిన్రు.”

మేస్త్రీ మంచివాడే. నవ్వుతూనే చెప్పాడు. పెద్దమ్మ ఇంక వాదించలేదు. మధ్యాహ్నం వాళ్లందరినీ లోపలికి పిలిచి అన్నం పెట్టింది. పప్పు, గోంగూర పచ్చడి, మా వాటా పెరుగు. మళ్లీ ఏమీ అడగలేదు. అన్నం పెట్టి అడగడం బాగుండదని ఆమె పద్ధతి. తిన్నవాళ్లే చూసుకుంటారని నమ్మకం. గేటు ముందు ఆ కాస్త మేరైనా గీకకపోతారా, కనీసం పల్చగా వేసి పోరా అని మేమూ అనుకున్నాం.

సాయంత్రం మేస్త్రీ వచ్చి గేటు కొట్టాడు. మొహం వెలిగిపోతోంది.

“మీ ముంగట మస్తు మందంగ ఏసినం పెద్దమ్మా. రోలర్ సుత ఇంకోసారి తిప్పిచ్చిన. ఇగ నీకు ఫికర్ లేదు.”

గల్లీ మొత్తానికి అంత మంచి రోడ్డు ఇంకెక్కడా లేదు. పెద్దమ్మ దాన్ని చూసింది, అతన్ని చూసింది. “సల్లగుండు బిడ్డా” అంది.

మొదటి పెద్ద వాన సరిగ్గా భోజనాల వేళకు పడింది. మందమైన రోడ్డు మీంచి నీళ్లు ఎక్కడా తడబడకుండా మెస్‌లోకి దిగాయి. మేం కంచాలతో బెంచీల మీదికెక్కాం. స్టవ్ ఆరిపోయింది, బియ్యం డ్రమ్ము కదిలి గుమ్మం దాకా పోయి ఆగింది. ఎవరూ తినడం ఆపలేదు. “పెద్దమ్మా, జర పెరుగు” అన్నారెవరో. ఆమె నీళ్లలో నడుచుకుంటూ వచ్చి వడ్డించింది. తర్వాత గ్యాస్ బండ మీద కూర్చుంది. నేను బక్కెట్ తెచ్చాను గానీ ఎక్కడ పోయాలో తోచలేదు. బయట ఇంకా ఎక్కువున్నాయి.

“పిలగాండ్లు మంచోళ్లే” అంది పెద్దమ్మ. “మంచిగనే ఏసిన్రు.”

కోపంగా అనలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. కంచం కడుక్కుందామని చూశాను. ఆ విషయంలో నీళ్లకు కొదవలేదు.

ఆ ఏడాదే ఆమె ఇల్లు బిల్డర్‌కు ఇచ్చేసింది. బదులుగా అదే చోట లేచిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తున ఒక ఫ్లాట్ వచ్చింది. ఫ్లాట్లలో మెస్ పెట్టకూడదని అసోసియేషన్ రూలు. నేను ఆమెను చూడ్డానికి వెళ్లినప్పుడు మెస్ నాటి పెద్ద గిన్నెలన్నీ బాల్కనీలో బోర్లించి ఉన్నాయి. తనొక్కదానికే అయితే ఎంత బియ్యం పొయ్యాలో ఇంకా చెయ్యి తిరగలేదంది.

అన్నం పెడుతుండగా వాన మొదలైంది. పెద్దమ్మ లేచి, గుమ్మం దగ్గర నా చెప్పులు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. బియ్యం డబ్బా ఎత్తి స్టూలు మీద పెట్టింది. మూడో అంతస్తు అని నేను గుర్తు చేయలేదు.

కింద సెల్లార్‌లో చేరిన నీళ్లు తోడడానికి మోటారు ఆన్ చేశారు. లావుపాటి పైపులోంచి నీళ్లు గేటు దాటి రోడ్డు మీద పడుతున్న చప్పుడు. కాసేపటికి ఎదురుగా ఉన్న పాత ఇంట్లోంచి బక్కెట్ల చప్పుడు కూడా మొదలైంది.

పైపు ఎటు తిప్పారో ఆమె అడగలేదు. నేను ఇంకొంచెం పప్పు వడ్డించమన్నాను.