భీమవ్వ తాకిన అట్టలు

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కనున్న బీడీ కార్ఖానాలో భీమవ్వ నేర్చుకున్న చదువల్లా ఒక్కటే, పని ఇచ్చే టేకేదారు రాజలింగు మొహం చదవడం. చుట్టిన కట్ట చేతికిచ్చాక అతని కనుబొమ్మ ముడిపడిందా, ఆ కట్ట పోయినట్టే. తప్పేమిటని అడిగిన మనిషికి మర్నాడు చుట్టడానికి ఆకు దొరకదు, కూలీ ఉండదు. ఈ మధ్య వేళ్లు సరిగా వంగక ఆమె కట్టలు తరచూ పోతున్నాయి. ఎప్పుడు పని మాన్పిస్తారోనని బిక్కుబిక్కుమంటూ బతుకుతోంది.

అలాంటి రోజుల్లో, రెండువేల రెండులో, హైదరాబాద్ నుంచి నీరజ అనే అమ్మాయి వచ్చింది. కార్ఖానాలో కంప్యూటర్ పెడతారట. ఆకో తంబాకో కావాలంటే తెర మీద బొమ్మను వేలితో తాకాలట. అది తయారు చేయకముందే, వాడబోయేవాళ్లకు అర్థమవుతుందో లేదో చూడాలట. అందుకని ఆమె తెచ్చింది కంప్యూటర్ కాదు, పెన్సిల్‌తో బొమ్మలు గీసిన అట్టలు! ఒక బొమ్మను తాకితే, ఆ అమ్మాయే అట్ట తీసి ఇంకోటి పెడుతుంది. ఇంత చదువు చదివి ఈ ఆటలేమిటో భీమవ్వకు తలాతోకా అర్థం కాలేదు.

"పరీక్ష నీకు కాదవ్వా, నా బొమ్మలకు. అర్థం కాకపోతే తప్పు నాదే" అంది నీరజ.

ఆ మాట ఎవరు నమ్ముతారు? కార్ఖానాలో తప్పు ఏనాడైనా చుట్టినవాళ్లది కాకుండా పోయిందా? పైగా రాజలింగు గుమ్మంలోనే నిలబడ్డాడు. పని మాన్పించడానికి ఇదో ఉపాయమనుకుని, భీమవ్వ అట్టలను వదిలేసి నీరజ మొహం చూడసాగింది. ఆకు కావాలంటే ఏది తాకుతావు, తంబాకు కావాలంటే ఏది అని అడగ్గానే ఆ పిల్ల కళ్లు తనకు తెలియకుండానే సరైన బొమ్మ మీద వాలేవి. భీమవ్వ వేలు అక్కడికే పోయేది. ఒక్కటీ తప్పలేదు. నీరజ మురిసిపోయింది.

చివరి ప్రశ్న అడుగుతూ, బస్సుకు టైమవుతోందేమోనని నీరజ గోడ గడియారం వైపు చూసింది. భీమవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ దాకా నడిచి, గడియారం మీద వేలు పెట్టింది.

నీరజకు విషయం తెలియడానికి కాసేపు పట్టింది. అట్టలు మళ్లీ పరిచి, వీపు తిప్పి కూర్చుని, ఇప్పుడు తాకమంది. భీమవ్వ వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆ గీతల్లో ఆకేదో తంబాకేదో ఎవరికి తెలుసు?

"ఒక్కటి గూడ తెల్వలే బిడ్డా. నీ మొఖం సూసి పెట్టిన."

నీరజ మొహం వెలిగిపోయింది. బొమ్మల్లో తప్పు ముందే తేలింది, ఇంత మేలు తనకెవరూ చేయలేదంటూ అట్టలన్నిటినీ నిలువునా చింపేసింది. పనికిరాని కట్టలను రాజలింగు తుంచేదీ అలాగే. అది సంతోషమో కోపమో నీరజ మొహంలో చదవలేక, ఎన్నడూ నోరెత్తి అడగని భీమవ్వ గుమ్మం వైపు తిరిగింది.

"రేపు నాకు ఆకు ఇస్తరా అన్నా?"

రాజలింగుకూ ఏమీ అర్థమైనట్టు లేదు. జవాబు కోసం అతను నీరజ మొహం చూశాడు.