దారి లెక్క

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టుకు వెళ్లాం. మా ఆవిడ పోచంపల్లి చీర ఒకటి విప్పించింది. కొట్టాయన దాని సుగుణాలు మొదలుపెట్టగానే మా అమ్మాయి వంగి, కొంగు మీది గళ్ల మీద వేలు నడిపిస్తూ, "ఈ పువ్వు సగమే లెక్కపెట్టాలి నాన్నా. మిగతా సగం అద్దంలో పడినట్టు అదే వచ్చేస్తుంది" అంది. మళ్లీ తనే, "లెక్కలత్త చెప్పింది కదా. అవునూ, ఆవిడ క్లబ్బు ఎందుకు మానేసింది? తీరిక లేదన్నావు నువ్వు" అంది. నేను కొట్టాయన ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి చీర ధర అడిగాను.

లెక్కలత్త ఎవరికీ అత్త కాదు. అప్పట్లో ఎల్బీనగర్‌లో మేమున్న కాలనీలో, మా వీధి చివరింట్లో కిరాయికుండేది. పుట్టిల్లు పోచంపల్లి దగ్గర, మగ్గాల ఇల్లు. సాయంత్రం బళ్లు వదిలాక కాలనీ హాల్లో ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పిల్లల్ని పోగేసి లెక్కల క్లబ్బు నడిపేది. క్లబ్బు అంటే పెద్ద సరంజామా ఏమీ లేదు. ఒక నల్లబల్ల, రంగు పెన్సిళ్లు, గళ్ల కాయితాలు. నేతకు ముందు వాళ్లింట్లో పువ్వును గళ్లలో గీసుకునేవారట, ఆ గళ్లతోనే ఎక్కాలు చెప్పేది. ఆరు వరుసలు, వరుసకు నాలుగు ఎర్ర గళ్లు, అంటే పువ్వూ అయిపోయింది, ఎక్కమూ అయిపోయింది. గుంటూరు నుంచి వచ్చిన నేను ఎక్కాలు బెత్తం దెబ్బలతో నేర్చినవాణ్ణి. ఏడుపు లేకుండా వచ్చే లెక్క మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

చివరి అరగంట 'దారి లెక్క'. బడి నుంచి వచ్చే దారిలో ఏం చూశారో దానితో పిల్లలే ఒక లెక్క కట్టాలి. బాగున్నదాన్ని అత్త బల్ల మీద రాసేది, మిగతావాళ్లు చేసేవాళ్లు. అరటిపళ్ల బండి, బస్సు కిటికీలు, నాదర్‌గుల్ వైపు తిరిగే చిన్న శిక్షణ విమానాలు, అన్నీ లెక్కలయ్యేవి.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. ఒకనాడు అమ్మాయిని బడి నుంచి తెస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డంతా జనం కూర్చున్నారు. స్కూటరు ముందు నిలబడ్డ పిల్ల దాహమని ఏడుపు అందుకుంది. ఊరుకోబెట్టడం చేతగాక, "ఏడుపాపి, ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టు!" అని గదిమాను. దాని పాటికి అది లెక్కపెట్టుకుంది. నేను మాత్రం ఆ గంటన్నరా లోలోపల తిట్టుకుంటూ, మా ఆఫీసులో అప్పుడప్పుడూ వినపడే 'మీరెప్పుడు పోతరు సార్' అనే ఎకసెక్కాన్ని నెమరేస్తూ ఉడికిపోయాను.

మర్నాడు దాన్ని తీసుకురావడానికి హాలుకు వెళితే బల్ల మీద అత్త గుండ్రని చేతిరాతలో ఇలా ఉంది: 'రోడ్డు మీద తొమ్మిదిమంది చొప్పున పన్నెండు వరుసలు కూర్చున్నారు. ముగ్గురు నీళ్లకు లేచారు. ఇంకా ఎంతమంది కూర్చున్నారు?' నిన్నటి ఉడుకంతా పైకి తన్నింది. నేరుగా కాలనీ ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి, పిల్లను బయట నిలబెట్టి, లెక్కల పేరుతో పసిపిల్లలకు ఉద్యమం నూరిపోస్తున్నారని కాయితం రాసిచ్చాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే అమ్మాయి మురిసిపోతూ అంది: "బోర్డు మీద లెక్క చూశావా నాన్నా? నాదే! నువ్వు లెక్కపెట్టమన్నావుగా. ఇంకోటి కూడా చెప్పాను, మా స్కూటరు ఎప్పుడు కదులుతుంది అని. దానికి జవాబు ఎవరికీ తెలీదని అత్త రాయలేదు."

దాని మీద ఆదివారం కాలనీ మీటింగు పెట్టారు. ఆ కాయితం వెనక్కి తీసుకోవడానికి నాకు రెండు రోజులు గడువుంది. తీసుకోలేదు. రాసిచ్చిన పెద్దమనిషి రెండో రోజే మాట మారిస్తే నలుగురూ ఏమనుకుంటారని.

ఆదివారం హాల్లో పదిహేనుమందిమి కూర్చున్నాం. ప్రెసిడెంటుది నల్గొండ. ఉద్యమానికి వ్యతిరేకి కాదు, గొడవకు వ్యతిరేకి. "నాకు రెండు దిక్కుల సుట్టాలేనమ్మా. కాలనీల లొల్లి గాకుంటె సాలు. గీ లెక్క ఎందుకు రాసినవ్?" అన్నాడు.

"పిల్లలు సూసిందే లెక్క గడ్తరు సార్. సూడొద్దంటే కండ్లకు గంతలు గట్టి బడికి తోలాలె" అంది అత్త.

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "అయితే ఏ పిల్ల కట్టిందో చెప్పండి మరి" అన్నారు.

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఇప్పుడైనా చెప్తావా అన్నట్టు ఎదురుచూసింది. నేను గోడకున్న క్యాలెండరులో తిథి చదువుకున్నాను.

"పిల్లల పేర్లు పంచాయితీల ఎందుకు సార్. నా క్లబ్బుల లెక్క, నాదే అనుకోన్రి" అని, హాలు తాళంచెవి బల్ల మీద పెట్టి, సుద్దముక్కల డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మరి కొన్ని నెలలకు ఇల్లు ఖాళీ చేసి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్లారని విన్నాను. హాల్లో క్యారమ్ బోర్డు వెలసింది. మా అమ్మాయి చాలా రోజులు సాయంత్రం కాగానే గళ్ల పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "అత్తకు తీరిక లేదమ్మా" అనేవాణ్ణి. కొన్నాళ్లకు నిలబడటం మానేసింది. దారిలో చూసినవి చెప్పడమూ మానేసింది.

చీరల కొట్టు మెట్ల మీద, తలమీద మెట్రో రైలు వెళుతుండగా, ఇదంతా అమ్మాయికి చెప్పేశాను. అది కోప్పడలేదు. "నాకు చెప్తే ఏం లాభం నాన్నా? ఆమెకు చెప్పాలి" అంది.

పాత కాలనీలో ఆమె చిరునామా అడిగాను. ఎవరికీ తెలియదు. "ఎవరు, ఆ ఉద్యమం టీచరా?" అన్నాడొకాయన. ఇన్నేళ్లుగా నేను అంటించిన పేరుతోనే ఆమె అక్కడ మిగిలింది. అందుకే రాస్తున్నాను: ఆ లెక్క నా కూతురిది, దాన్ని లెక్కపెట్టమన్నవాణ్ణి నేను. ఆమె ఏ పాపమూ ఎరగదు.

ఆనాడు కూర్చున్నవాళ్లు నూటఐదుగురు. నిన్ననే కాయితం మీద చేసి చూశాను. వాళ్లంతా లేచి వెళ్లారు, రాష్ట్రం వచ్చింది, చౌరస్తా మీద వంతెనలు లేచాయి. పిల్ల అడిగిన రెండో ప్రశ్నకే ఇంకా జవాబు రాయలేదు. ఇన్నేళ్లయినా ఆ స్కూటరు మీంచి నేను దిగనేలేదు.