కథల అరలో ఇర్కా

1982లో నేను న్యూజెర్సీలో ఒక చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీలో కేటలాగర్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. తప్పు చేసింది నేను, మధ్యలో ఊరిని బజారుకీడ్చడం దేనికి? ప్లెయిన్స్‌బరో నుంచి కారులో ఇరవై నిమిషాలు అనుకోండి, చాలు. కేటలాగర్ అంటే కౌంటర్ దగ్గర నవ్వుతూ పుస్తకాలిచ్చే మనిషి కాదు. వెనక గదిలో కూర్చుని, కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకమూ ఏ అరలోకి వెళ్ళాలో తేల్చి, పుస్తకం వివరాలతో కార్డులు టైపు చేసి, పుస్తకం వీపు మీద చీటీ అంటించే మనిషి. ఆ చీటీని స్పైన్ లేబుల్ అంటారు. దాని మీద ఎఫ్ అనే అక్షరం ఉంటే ఫిక్షన్, అంటే కల్పిత కథ. నంబరు ఉంటే నిజమైన విషయం.

మామూలుగా మాకు పెద్ద ప్రచురణకర్తల పుస్తకాలకి వాషింగ్టన్‌లోని జాతీయ గ్రంథాలయం నుంచి రెడీమేడ్ కార్డులు వచ్చేవి. చిన్నచిన్న ప్రెస్సుల వాళ్ళవి అలా రావు. వాటికి ఒరిజినల్ కేటలాగింగ్ చెయ్యాలి, అంటే పుస్తకం చదివి అదేమిటో మనమే నిర్ణయించాలి. నాకు ఆ పనంటే మహా ఇష్టం. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందని సామెత ఉందిగా, ఆ పేనుని నేనే. అవతలివాళ్ళ కార్డులో కామా తప్పు పడినా పట్టుకునేదాన్ని. అక్కడ నన్ను సూ అనేవారు. మా హెడ్ లైబ్రేరియన్ మార్గరెట్ కూడా, "సూ చూసిందంటే ఇంక చూడక్కర్లేదు" అనేది.

ఆ అక్టోబర్‌లో ఒక పల్చటి పుస్తకం వచ్చింది. పది నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లల కోసం రాసినది. రాసినావిడ పేరు ఐరీన్ బెర్గర్. పోలండ్‌లో ఇర్కా అనే పన్నెండేళ్ళ యూదుల పిల్ల. వాళ్ళమ్మకి ఒక బూడిదరంగు స్వెటర్ ఉంటుంది. పొయ్యి నిప్పు తగిలి మోచేతి దగ్గర కాలిపోతే, ఇర్కా ఆకుపచ్చ దారంతో వంకరటింకరగా రఫూ చేస్తుంది. తరవాత తల్లినీ పిల్లనీ రైలెక్కించి నాజీల క్యాంపుకి తీసుకెళతారు. దిగగానే తల్లిని ఒక వరసలోకి, పిల్లని ఇంకో వరసలోకి నెడతారు. అమ్మ పక్క క్యాంపులో ఎక్కడో పని చేస్తోందని ఇర్కా అయిదు వారాలు నమ్ముతుంది. ఒక పొద్దున రొట్టె కోసం నిలబడినప్పుడు ముందున్న ఆడమనిషి ఒంటి మీద ఆ స్వెటర్ కనిపిస్తుంది. మోచేతి దగ్గర తన ఆకుపచ్చ కుట్లు. చంపేసినవాళ్ళ బట్టలే అక్కడ మిగతావాళ్ళకి పంచుతారని ఆ పిల్లకి అప్పటికే తెలుసు.

నేను ఒక్క మధ్యాహ్నంలో చదివేసి ఎఫ్ అంటించాను. నా కారణాలు నాకున్నాయి. పుస్తకమంతా 'ఆమె' అని రాసి ఉంది, ఎక్కడా 'నేను' లేదు. పిల్ల పేరు ఇర్కా, రచయిత్రి పేరు ఐరీన్. ముందుమాట లేదు, ఫొటోలు లేవు. అన్నిటికన్నా ఆ స్వెటర్ నాకు మింగుడు పడలేదు. పుస్తకాలు ఎంచేటప్పుడు మేం లోపల వాడుకునే రివ్యూ స్లిప్ ఒకటుంటుంది. దాని మీద నా గుండ్రటి చేతిరాతతో ఇలా రాశాను: "స్వెటర్ సంఘటన నమ్మశక్యంగా లేదు. అయినా చక్కగా అల్లిన కథ." కార్డు మీద ఒక్క వాక్యంలో సారాంశం టైపు చేశాను. "యుద్ధకాలంలో ఒక యూదు బాలిక గురించిన కల్పిత కథ."

ఇంకో కారణం కూడా ఉంది, అది అప్పుడు నాకే తెలియదు. నేను బాపట్ల దగ్గర క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. యూదులంటే మాకు సండే స్కూల్లో నేర్చుకున్న మనుషులు. ఎస్తేరు, రూతు, నయోమి. యుద్ధంలో లక్షల మందిని చంపారని చదివాను, కాదనను. కానీ ఆ లక్షల్లోంచి బతికి బయటపడిన మనిషి కోటు వేసుకుని మా లైబ్రరీకి వచ్చి వంటల పుస్తకం రెన్యూ చేయించుకుంటుందన్న ఊహే నాకు రాలేదు.

మనుషులు తక్కువై బుధవారం మధ్యాహ్నాలు నేను పిల్లల విభాగంలో కూర్చునేదాన్ని. మా తెలుగు ప్రార్థన కూడికకి వచ్చే ఎస్తేరు గారి కూతురు గ్రేస్, పదేళ్ళది, ఒక బుధవారం ఆ పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్వెటర్ దగ్గర ఆగిపోయానంది, ముందుకి చదవలేకపోతున్నానంది. నేను దాని జుట్టు సవరించి, పుస్తకం వీపు మీది ఎఫ్ చూపించి ఓదార్చాను.

"ఏడవకమ్మా. ఇదిగో చూడు, ఇది కథే. ఎవరో కల్పించి రాశారు. ఇర్కా లేదు, వాళ్ళమ్మా లేదు."

"రియల్లీ, ఆంటీ?"

"రియల్లీ. నేనే కదా చీటీ అంటించింది."

పిల్ల ముఖం వెంటనే తేటపడింది. నేను చాలా మంచిదాన్నని నాకు నేనే మురిసిపోయాను.

పధ్నాలుగు నెలలు గడిచాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఒక పొద్దున మార్గరెట్ నన్ను వెనక గదిలోంచి పిలిచింది. కౌంటర్ ముందు ఒక పొట్టి ఆవిడ నిలబడి ఉంది. వంటల పుస్తకాల ఆవిడ. ఎన్నోసార్లు చూశాను, పేరెప్పుడూ అడగలేదు. ఆవిడ ఒక కరపత్రం తీసి నా ముందు పెట్టింది. తన కారు వైపర్ కింద పెట్టి వెళ్ళారట.

అది చదివాను. బడిలో ఆరో క్లాసు పిల్లల చేత చదివిస్తున్న ఇర్కా పుస్తకం అబద్ధమనీ, ఇలాంటి క్యాంపులే లేవనీ, పిల్లల బుర్రలు పాడు చేస్తున్నారనీ రాసి ఉంది. రుజువు కింద ఒక ఫోటోకాపీ వేశారు. మన ఊరి లైబ్రరీయే దీన్ని కల్పిత కథ అంటోంది, చూడండి అని. అది నేను టైపు చేసిన కార్డు. అంతకన్నా ఘోరం, ఆ ఫోటోకాపీ తీసి ఇచ్చిందీ నేనే. నెల కిందట ఒకాయన వచ్చి మర్యాదగా అడిగాడు. ఊళ్ళో ఇన్సూరెన్స్ అమ్మే మనిషి, తలుపు దగ్గర ఎదురైతే తెరిచి పట్టుకునేవాడు. కార్డు కాపీ ఎందుకని నేను అడగలేదు. అందంగా టైపు చేసిన కార్డని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ కార్డు ఎవరు రాశారు?" అని అడిగింది.

"నేనే."

"నేను ఐరీన్ బెర్గర్‌ని. ఇంట్లో నన్ను ఇర్కా అనేవారు. నేను లేనని మీకెవరు చెప్పారు?"

మా ఇంట్లో నేను చిట్టిని, బడి రిజిస్టర్లో సువార్తమ్మని, లైబ్రరీలో సూని. ఇంటి పేరొకటి, బడి పేరొకటి ఉండటం మన దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. మూడు పేర్లున్న నాకు, ఒక మనిషికి రెండు పేర్లుంటాయని తోచకపోవడం ఏమిటి?

మార్గరెట్ మమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. 'నేను' అని ఎందుకు రాయలేదండీ అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను. మూడుసార్లు 'నేను' అని మొదలుపెట్టి, మూడుసార్లూ రెండో పేజీలో ఆగిపోయిందట. పన్నెండేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని ఆ చోట నడిపించాలంటే పక్కన పెద్దదొకతె ఉండాలి కదా, అందుకే ఆ పిల్లని 'ఆమె' చేసి, తను పక్కన నడిచానంది. పెద్దవాళ్ళకి రాస్తే అయ్యో పాపం అని మూసేస్తారు, పిల్లలైతే తరవాతేమైందని అడుగుతారు, అందుకే పిల్లలకి రాశానంది.

"ఆ స్వెటర్..." అన్నాను. స్లిప్ మీద నేను రాసిన మాట కళ్ళ ముందు కదులుతోంది.

ఆవిడ నా టైపు మెషీన్ వైపు చూస్తూ చెప్పింది. "అది తగ్గించి రాశాను. నాలుగు రోజులు ఆ స్వెటర్ వేసుకున్న మనిషి వెనకే వరసలో నిలబడ్డాను. వీపు దగ్గర ముక్కు పెట్టి మా అమ్మ వాసన చూసేదాన్ని. అయిదో రోజు ఆ వాసన పోయింది. అది పుస్తకంలో లేదు. చదివేది పిల్లలు కదా."

నేను అతిశయోక్తి అనుకున్నది తగ్గించి చెప్పిన నిజం. నమ్మశక్యంగా లేదని నేను తీర్పు చెప్పింది, ఆవిడ పిల్లల మీద దయతో సగం దాచి చెప్పినది.

స్కూల్ బోర్డు ఆ గురువారం సాయంత్రం కలుస్తోంది. పుస్తకాన్ని ఆరో క్లాసు లిస్టులోంచి తీసెయ్యాలా వద్దా తేలుస్తారు. కార్డు మార్చి ఊరుకుంటే సరిపోతుందని మార్గరెట్ నా మీద జాలితో అంది. మా ఆయన కూడా, "గ్రీన్ కార్డ్ మొన్ననే వచ్చింది, మైక్ ముందుకెళ్ళి నా తప్పని ఒప్పుకోవడం నీకవసరమా?" అన్నాడు. అడుసు తొక్కింది నేను, కాలు ఇంకెవరు కడుగుతారు? వెళ్ళాను.

బడి జిమ్నాసియంలో మడత కుర్చీలు వేశారు. ఇన్సూరెన్స్ ఆయన ముందు మాట్లాడాడు. కోపం లేదు, అరుపు లేదు. "ఇది నా అభిప్రాయం కాదు. మన లైబ్రేరియన్‌కి ఇందులో డిగ్రీ ఉంది, ఆవిడే చెప్పింది" అని నా కార్డు పైకెత్తి చూపించాడు. నలుగురైదుగురు తలలూపారు. ఇరుగుపొరుగు వాళ్ళు, కూరగాయల కొట్లో పలకరించేవాళ్ళు. బెర్గర్ గారు మూడో వరసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇటూ అటూ చూడలేదు.

నా వంతు వచ్చింది. యాక్సెంట్‌తో, తడబడుతూ, చెప్పాల్సింది చెప్పాను.

"ఆ కార్డు రాసింది నేను. అది తప్పు. పుస్తకం తప్పు కాదు, నేను తప్పు. ఆవిడని అడగకుండా, ఎవరినీ అడగకుండా, నాకు నమ్మబుద్ధి కాలేదని కథల్లో పెట్టాను. మీరు రుజువు అంటున్నది నా అజ్ఞానం."

పుస్తకం లిస్టులోనే ఉండిపోయింది. తేడా ఒక్క ఓటు.

మర్నాడు బెర్గర్ గారు లైబ్రరీకి వచ్చింది. శభాష్ అంటుందేమోనని లోపల ఏ మూలో ఆశ పడ్డాను, సిగ్గులేని మనసు. ఎఫ్ చీటీని చాకుతో గీకి, చరిత్ర నంబరు అంటించి చూపించాను. పుస్తకం తీసుకుని వెనక అట్ట తెరిచింది. అక్కడ డేట్ డ్యూ స్లిప్ ఉంటుంది. పుస్తకం ఇచ్చినప్పుడల్లా తిరిగి తేవలసిన తేదీ దాని మీద ముద్ర వేస్తాం. ఆవిడ వేలితో ఒక్కొక్క ముద్రే తడుముతూ కిందికి దిగింది.

"ఇరవై ఆరు మంది పిల్లలు. వాళ్ళకి మా అమ్మ చనిపోలేదు. అసలు పుట్టనే లేదు" అని పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పిల్లలందరికీ నిజం చెప్తానని మార్గరెట్‌ని అడిగాను. కానీ ఎవరేం చదివారో బయటపెట్టకూడదని మా వృత్తిలో గట్టి నియమం. మార్గరెట్ సాయంత్రం దాకా ఆలోచించి, ఇంకెవరికీ చూపించకుండా నేనొక్కదాన్నే, తల్లిదండ్రుల అనుమతితో పిల్లలతో మాట్లాడవచ్చంది. పుస్తకం తీసుకున్నవాళ్ళ నంబర్లు బుక్ కార్డు మీద ఉంటాయి, అవి పట్టుకుని రిజిస్టర్లో పేర్లు వెతికి, ఫోన్లు మొదలుపెట్టాను. ఇద్దరు ఊరు మారిపోయారు. ఒకావిడ ఫోన్ పెట్టేసింది. ఒక అబ్బాయి, "నాకు తెలుసు, అలాంటిది ఎవరూ కల్పించలేరు" అన్నాడు. డిగ్రీ ఉన్నదాన్ని నేను, తెలిసినది వాడికి.

గ్రేస్‌కి ఫోన్ చెయ్యలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటగదిలో, వాళ్ళమ్మ కూడా అక్కడుండగా, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ పుస్తకం నిజమమ్మా, ఇర్కా మన ఊళ్ళోనే ఉంది, నేను నీకు తప్పు చెప్పాను అని.

"బట్ ఆంటీ, నువ్వు కథ అని చెప్పావ్ కదా. నువ్వే చీటీ పెట్టావ్."

"పెట్టాను. తప్పు పెట్టాను."

"సో... వాళ్ళమ్మ కూడా రియల్?"

"రియలేనమ్మా."

అది లేచి వెళ్ళి స్టవ్ దగ్గరున్న తన తల్లి స్వెటర్ చెయ్యి పట్టుకుని, అందులో ముఖం దాచుకుని ఏడ్చింది. పధ్నాలుగు నెలల కిందట ఏడవాల్సిన ఏడుపు, నేను ఆపేసినది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేశాను. పిల్లలు కళ్ళనీళ్ళతో పుస్తకం పట్టుకుని నా దగ్గరికి ఎన్నోసార్లు వచ్చారు. ఎవరినీ ఏడవకు అనలేదు.