పాపకు వాంతులు పట్టిన ఆ ఎండాకాలం

మొన్న మా పక్కవాటాలో ఉండే అమ్మాయి తన ఏడాదిన్నర బిడ్డకు వాంతులవుతుంటే ఫోనులోనే డాక్టరుతో మాట్లాడి, మందుల షాపు నుంచి ఉప్పూ చక్కెరా కలిసిన పొడి పొట్లం తెప్పించి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి చెంచాతో పడుతూ కూర్చుంది. సాయంత్రానికి బిడ్డ లేచి బొమ్మ కోసం మారాం చేసింది. ఆ అమ్మాయి ముఖంలో భయమన్నది కనిపించకపోవడం చూసి, ఎందుకో ఆ భయం నాకే పట్టుకుని, నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. తొంభై దాటిన నా ఈడువాళ్ళకు ఆ భయం గురించి చెప్పనక్కరలేదు. పసిబిడ్డకు వాంతి ఒక పూట ఆగలేదంటే ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజులు మనవి.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలో నేను బేతంచెర్ల స్టేషనులో గూడ్సు గుమాస్తాను. నాపరాళ్ళు ఎక్కించిన వ్యాగన్లకు చీటీలు రాయడం నా పని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉండేది. ఎండ ఎట్లా ఉంది, ఏ బండి ఆలస్యం, సంతలో ఏం కొన్నాను, ఏదీ వదిలేవాణ్ణి కాదు. ఆ వేసవిలో మాత్రం కొన్ని పుటల్లో ‘పాపకు అట్లాగే ఉంది’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. అంతకు మించి రాయడానికి చెయ్యి ఆడలేదు.

మా పెద్దమ్మాయికి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. ఒక ఉదయం తాగిన పాలు కక్కింది. ఎండదెబ్బ అనుకున్నాం. తర్వాత నీళ్ళూ నిలవలేదు. ఊళ్ళో కాంపౌండరు ఇచ్చిన ఎర్రమందు గుటక పడకముందే బయటికి వచ్చేది. మా అమ్మ మాతోనే ఉండేది కాబట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. కార్డు ముక్క అందగానే కమలాపురం నుంచి మా అత్తగారు దిగింది. ఆమె వచ్చేసరికి అమ్మ సానరాయి మీద వస అరగదీస్తూంది. పసిపిల్లల కడుపు కుదురుగా ఉండాలని నాలుకకు రాసే ఆ ఘాటు వేరుముక్క లేని ఇల్లు ఆనాడు మా సీమలో ఉండేది కాదు.

"వస అంటే గోటికి అంటినంత రాస్తారు వదినా, నువ్వేంది, సంగటికి చెట్నీ నూరినట్టు నూరతాండావు?" అంది అత్తగారు, చేతిలోని మూట ఇంకా దించకుండానే.

"మీ పక్క పిల్లోళ్ళు గోటికంటినదానికే బాగయితారేమో వదినా. మాది రాళ్ళ ఊరు, ఈడ అంతంత మాత్రానికి ఏమీ కదలదు," అంది అమ్మ. అన్నదే గాని, చిన్నబుచ్చుకుని సానరాయి ఎత్తి లోపల పెట్టేసింది. ఆ తర్వాత ఇంట్లో వస మాటే వినబడలేదు.

పాపకు ఒక పూట తెరిపి ఇచ్చినట్టే ఉండేది, అంతలో మళ్ళీ మొదలయ్యేది. కడుపులో ఏమీ లేకపోయినా పసరులాంటి నీరు కక్కి, మెలికలు తిరిగి, నా భార్య భుజం మీద వాలిపోయేది. మా క్వార్టర్సు ప్లాట్‌ఫారానికి ఎదురుగానే. చీటీలు రాస్తూ ఆ ఏడుపు వింటూ ఉండేవాణ్ణి. వినలేక చెవులు మూసుకోవాలనిపించేది. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఏడుపు ఆగింది. కలం అక్కడే పడేసి పట్టాలు దాటి పరుగెత్తాను. పాప ఏడుస్తూనే ఉంది, కానీ గొంతు రావడం లేదు, కంట నీరు లేదు. కళ్ళు లోతుకు పోయాయి, మాడు గుంటపడింది. పొట్ట మీది చర్మం పట్టి వదిలితే ముడత ముడతగానే నిలిచింది. నా బిడ్డ నా చేతుల్లోనే పోతుందని అప్పుడు నిజంగా అనుకున్నాను.

డోను బండికి ఇంకా కొంత వ్యవధి ఉంది. డోనులో బండి మారి కర్నూలు పెద్దాసుపత్రికి పోదామని, నా భార్య పాప గుడ్డలు సర్దుకోవడానికి సంచీ తెరిచింది. అందులో ఎవరో ముందే పెట్టిన రెండు చిన్న మూటలున్నాయి. విప్పితే ఒక్కొక్క దాంట్లో ఒక వసకొమ్ము, ఒక సానరాయి. రెండు రాళ్ళూ ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇది నీదేనామ్మా?" అని నా భార్య తన తల్లిని అడిగింది.

"నాదే. ఆస్పత్రిలో యాడ దొరుకుతాదని పెట్టినా."

"ఇంకోటి నీదా అత్తా?" అని మా అమ్మ వైపు తిరిగింది.

"నాది కాక ఎవురిది? మీయమ్మకొక్కదానికేనా మనవరాలు?"

"ఎప్పుడెప్పుడు పెడతాండావు?"

"పొద్దున, సాయంత్రం. మీయమ్మ నీళ్ళకని బాయికి పోయినప్పుడు. తగ్గలేదని నిన్నట్నుంచి రోంత ఎక్కువ పెడతాండా," అంది అమ్మ.

అత్తగారు తడి రాళ్ళు రెండూ తడిమి చూసింది. "నువ్వూ పెడతాంటివా వదినా? నేనూ తగ్గలేదనే ఎక్కువ చేసినా."

వస మితంగా పడితే కడుపుకు మేలే గాని, ఎక్కువైతే ఉన్నదంతా కక్కిస్తుందని ఇద్దరికీ తెలుసు. ఎవరి చేతి మోతాదు వారికి తెలుసు, అవతలి చెయ్యి సంగతే తెలియలేదు.

అందరం బండి ఎక్కాం. అమ్మ పాప అరికాళ్ళు రుద్దుతూ, అత్తగారు తడిగుడ్డతో పెదవులు అద్దుతూ కూర్చున్నారు. నేను పాప ఛాతీ మీద నుంచి చూపు తిప్పలేదు. ఊపిరి తీసుకోవడం కాస్త ఆలస్యమైనా నా ఊపిరి ఆగేది. ఆసుపత్రిలో డాక్టరుకు ఆ ఇద్దరే జరిగినదంతా దాచకుండా చెప్పారు. ఆయన కోప్పడలేదు, అదే మమ్మల్ని ఇంకా భయపెట్టింది. తొడకు సూది గుచ్చి సెలైను ఎక్కించారు, ఆ లేత తొడ బుంగలా పొంగింది. ఒంట్లో నీరు నిలిచిందన్నట్టు, మరునాడు పాప ఉచ్చ పోసి గుడ్డ తడిపింది. ఆ తడిగుడ్డను మా అమ్మ, అత్తగారు చెరో కొసా పట్టుకుని వార్డులో అందరి ముందూ ఏడ్చారు.

ఆ తర్వాత మా ఇంట ఆ పాపతో కలిపి నలుగురు పిల్లలు పెరిగారు. అత్తగారు వచ్చి ఉన్నన్నాళ్ళూ బియ్యపు గంజి కానీ, వాము నీళ్ళు కానీ, "నువ్వేమన్నా పెట్టినావా వదినా?" అని అడగకుండా ఆ వియ్యపురాళ్ళలో ఏ ఒక్కరూ బిడ్డ నోట చెంచా పెట్టలేదు. ఒకరు వీధిలో ఉంటే ఇంకొకరు చెంచా పట్టుకుని గడపలో నిలబడి కాచుకునేవారు.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో బిడ్డకు మందు పోసే చెయ్యి ఒక్కటే, కాబట్టి అటువంటి పొరపాటు జరగదు, అది మంచికే. పసిబిడ్డలు అంత సులువుగా పోవడమూ లేదు, అంతకన్నా కావలసిందేముంది. అయినా చెంచా ఎత్తి, ఒక్క క్షణం ఆగి, అడగడానికి ఎవరున్నారా అని చుట్టూ చూసే మనిషి నాకీమధ్య ఏ ఇంట్లోనూ కనిపించలేదు.