ఒకటో సీసా

వరస బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ పనైనా శుభ్రమైన చోట మొదలుపెట్టి మురికి చోట ముగించాలి. మధ్యలో వెనక్కి తిరగకూడదు. ప్రపంచం మునిగిపోతున్నా సరే, ముందు శుభ్రంగా ఉన్న వైపు మునిగి, ఆ తర్వాతే మురికి వైపు మునగాలి.

ఈ పిచ్చి ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. ఊరవతల ఒక చిన్న విమానాశ్రయం. వారానికి రెండు విమానాలు వచ్చి, ఎవరూ ఎక్కకపోయినా మర్యాదకు కాసేపు ఆగి వెళ్లిపోతాయి. అక్కడ నేలలో పాతిన ఇంధనం ట్యాంకుకు ఎప్పుడో పగులు వచ్చింది. ఎవరూ చూడలేదు. ఏళ్ల తరబడి చమురు బొట్టుబొట్టుగా మట్టిలోకి, అక్కణ్ణుంచి కింది నీళ్లలోకి దిగి, ప్రహరీ గోడ దాటి అవతలి వీధిలోని ఆరిళ్ల బావుల్లో తేలింది. ఒకరోజు పొద్దున్నే బకెట్లో రంగురంగుల తెట్టు కనబడ్డాక గానీ సంగతి బయటపడలేదు. ఇక యంత్రాలు వచ్చాయి. ట్యాంకు పెకలించారు. మట్టి తవ్వి గుట్టలు పోసి టార్పాలిన్లు కప్పారు. నీళ్ల మీది చమురును రాత్రింబవళ్లు పంపులు తోడేస్తున్నాయి. ఆరు బావులకూ మూతలు బిగించి తాళాలు వేశారు. ఇళ్లకు రోజూ ట్యాంకరు వచ్చి మంచినీళ్లు పోస్తుంది. మంగళవారం మంగళవారం ఆ తాళాలు తీసి, బావికి రెండు సీసాల చొప్పున పన్నెండు సీసాలు నింపి ల్యాబుకు పంపడం బాబాయి పని.

ఆ పనికి ఒక నియమం ఉంది. ముందు శుభ్రమైన బావి, ఆఖరున బాగా చెడిన బావి. తోడే గొట్టానికో చేతికో చెప్పుకో అంటిన చమురు మంచి నీళ్లలోకి పోకూడదు కదా. మిగతావాళ్లు ఈ నియమాన్ని సాయంత్రం గేటు దగ్గర వదిలేసి ఇంటికి వెళతారు. బాబాయి దాన్ని సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

బట్టలు ఉతికితే ముందు జేబురుమాళ్లు, ఆఖరున సాక్సులు. పేపరు చదివితే ముందు వాతావరణం, తర్వాత ఆటలు, ఆఖరున రాజకీయాలు, వెంటనే సబ్బుతో చేతులు. పెళ్లికి వెళితే ముందు పసిపిల్లల్ని పలకరిస్తాడు, తర్వాత వంటవాళ్లని, తర్వాత పెద్దల్ని, అందరూ అయ్యాక పెళ్లి కుదిర్చిన మధ్యవర్తిని. బంధువుల ఇళ్లకు బయల్దేరితే తగాదాలను బట్టి వరస. బావమరిది ఇల్లు ఎప్పుడూ ఆఖరే.

"ఏం బావా, మా ఇల్లు అంత మురికిగా ఉందా?" అని ఆయన ఒకసారి నిలదీశాడు.

"ఇల్లు అద్దంలా ఉందిరా. నీ నోటి గురించే నా బెంగ."

విమానాశ్రయం మేనేజరుగారికీ ఇదే గొడవ. పొద్దున్నే బాబాయి ఊడ్చేవాళ్లకు, కాపలావాళ్లకు, సామాను మోసేవాళ్లకు వరసగా నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చి, ఆఖరున మేనేజరు గదిలో తల పెట్టేవాడు.

"ఏమయ్యా, ఊడ్చేవాళ్ల తర్వాతా నేను?"

"వాళ్ల చేతిలో చీపురు ఉంటుంది సార్. మీ చేతిలో ఫైళ్లుంటాయి."

ఇంట్లో పిన్ని బాధ వేరు. "పెళ్లై ముప్ఫై ఏళ్లు. ఈయన వరసలో నేనెక్కడున్నానో ఇంతవరకు చెప్పలేదు. అడిగితే, ఇంకా పరీక్షలో ఉంది అంటాడు," అని కనబడిన వాళ్లందరితో చెప్పుకునేది.

ప్రతి మంగళవారం బాబాయి వెనకాల పుస్తకం పట్టుకుని ఒక అమ్మాయి నడిచేది. గేటు దగ్గర టీకొట్టావిడ కూతురు. తండ్రి పోయాక కొట్లో తల్లికి రెండు చేతులు చాలక, తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. మాట చాలా తక్కువ. ఎవరైనా పలకరిస్తే గ్లాసుల వైపు చూసి జవాబు చెప్పేది. కొట్లో డబ్బాల మీద ఆమె రాసిన 'పంచదార', 'టీపొడి' చూసి బాబాయి సైకిలు దిగిపోయాడట.

"ఈ రాత ఎవరిది? స్కేలు పెట్టి రాశారా?"

"మా పిల్లదేనండీ. చేత్తోనే," అంది తల్లి.

"ఇంత తిన్నటి గీత మా ఆఫీసులో ఒక్కడికి రాదు. మంగళవారాలు నాకివ్వమ్మా ఈ పిల్లని."

అప్పటినుంచి ఆమె పుస్తకమ్మాయి అయింది. ఏ బావి, ఎన్ని గంటలకు, ఏ సీసా, అన్నీ రాసి, సీసాల మీద చీటీలు అంటించేది. మాట్లాడని వాళ్లకు చూడడానికి తీరిక ఎక్కువ. అందుకే కొట్టుకు వచ్చిన ముప్పు ఆమెకే ముందు కనబడింది.

ముప్పు తెచ్చింది బాబాయే. పాపం, ఆయనకు తెలియదు. టీకొట్టు, దాని వెనక వాళ్ల ఇల్లు, సరిగ్గా పాత ట్యాంకు ఉన్న చోటును ఆనుకున్న గోడ పక్కనే ఉన్నాయి. కాబట్టి ఆరు బావుల్లోనూ వాళ్లదే ఎక్కువ చెడిన బావి. పొద్దున ఆరింటికి బాబాయి సైకిలు ఆ కొట్టు ముందు నుంచే పోతుంది.

"బాబాయిగారూ, ఒక గ్లాసు టీ?" అని తల్లి అడిగేది.

"ఇప్పుడు కాదమ్మా. వరస," అని బెల్లు కొట్టి, వీధి చివర దర్జీ ఇంటికి వెళ్లిపోయేవాడు. అక్కణ్ణుంచి ఒక్కో బావీ చూసుకుంటూ వీళ్ల దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. "ఇంక స్నానం చేస్తే గానీ దేన్నీ ముట్టనమ్మా," అని వెళ్లిపోయేవాడు. రెండేళ్లలో ఒక్క గుక్క తాగలేదు.

బెంచీ మీద కూర్చునే ట్యాంకరు డ్రైవరు ఒకరోజు దీని మీద ఆలోచించాడు. ఆలోచించడం ఆయనకు అలవాటు లేదు, అందుకే గట్టిగా బయటికే ఆలోచించాడు.

"బాబాయి ఎక్కడ మొదలుపెడితే అక్కడ శుభ్రం. అంతేనా?"

"అంతే," అన్నాడు కాపలా అతను.

"ఎక్కడ ఆపితే అక్కడ మురికి."

"అదీ అంతే."

"మరి ఆయన ఈ టీ ఎందుకు ముట్టడు?"

ఇద్దరూ చేతిలో ఉన్న గ్లాసుల్లోకి చూసుకున్నారు. సగం సగం టీ బెంచీ మీదే మిగిలిపోయింది.

ఆ టీ కాసేది ట్యాంకరు నీళ్లతో. ఆ నీళ్లు పోసేది ఆ డ్రైవరే. నింపే చోట వారం వారం పరీక్ష కూడా చేస్తారు. ఆరిళ్లలోనూ అవే నీళ్లు. తల్లి కుండ మూత తీసి మరీ చూపించింది. అందరూ తలలూపి, పక్కకు తప్పుకుని పోయారు. వీధి చివర దర్జీ మాత్రం ఛాతీ విరుచుకు తిరిగాడు. "ఒకటో నంబరు బావి మాది," అని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. దానికీ తాళమే ఉందని ఎవరూ గుర్తుచేయలేదు.

ఇదివరకు తల్లీకూతుళ్లిద్దరూ కడిగినా తరగని గ్లాసులు ఇప్పుడు బోర్లించినవి బోర్లించినట్టే ఉండేవి. ఒక సోమవారం సాయంత్రం తల్లి చల్లారిన పొయ్యి వైపు చూస్తూ, "ఇంకో నెల చూద్దామే. తర్వాత కొట్టు ఎత్తేసి మీ పెద్దమ్మ దగ్గరికి పోదాం," అంది.

మర్నాడు బావికీ బావికీ మధ్య నడుస్తూ పుస్తకమ్మాయి మూడుసార్లు నోరు తెరిచింది.

"ఏంటమ్మా?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు బాబాయ్. టైము ఏడున్నర."

ఆఖరికి నోటితో కాని పని పెన్నుతో చేసింది. పుస్తకంలో 'గమనించినవి' అని ఒక గడి ఉంటుంది. వాన పడింది, తాళం తుప్పు పట్టింది అని రాయడానికి. అందులో చిన్న అక్షరాలతో, తిన్నగా రాసింది: 'ఆరో ఇల్లు. టీ గ్లాసులన్నీ పొడిగా ఉన్నాయి.'

సాయంత్రం బాబాయి ప్రతి గడీ చదివి సంతకం పెట్టాడు. ఆ గడి దగ్గర కాసేపు ఆగాడు. తలెత్తి కొట్టు వైపు చూశాడు.

తర్వాతి మంగళవారం సైకిలు టీకొట్టు ముందు ఆగింది.

గేటు దగ్గర నిలబడ్డ డ్రైవరు, కాపలా అతను నోళ్లు తెరిచారు. బాబాయి స్టాండు వేసి, కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు.

"అమ్మా, కుండ మూత తియ్యి."

ఎన్నడూ లేని పదమూడో సీసా సంచీలోంచి బయటికి తీశాడు. కుండలో నీళ్లతో దాన్ని మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి, తెల్లవారుతున్న వెలుగులో పైకెత్తి, వీధి వీధంతా చూసేదాకా పట్టుకున్నాడు. పెళ్లిలో తాళిబొట్టు కూడా అంతసేపు ఎవరూ చూపించరు.

"పుస్తకం! ఒకటో సీసా. టీకొట్టు కుండ. ఆరూ పది."

అమ్మాయి రాసింది. గీత వంకర పోలేదు.

"ఇప్పుడు ఒక టీ ఇయ్యమ్మా."

"బాబాయ్!" అన్నాడు డ్రైవరు. "మరి వరస?"

"వరసే. శుభ్రమైన చోట మొదలుపెట్టాలా, వద్దా?"

ఈ వార్త వీధి చివరికి ఎలా చేరిందో గానీ, దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏమండీ, ఒకటో నంబరు మాది కదా!"

"మీది రెండు. ముందు మచ్చలేని నీళ్లు ఉండాలి కదయ్యా, మీ బావిని దేంతో పోల్చుకోను?"

దర్జీ టేపు ఒక చివర పట్టుకుని, తన పరువు ఎన్ని అంగుళాలు తగ్గిందో కొలుచుకుంటున్నట్టు నిలబడిపోయాడు. బాబాయి టీ తీరిగ్గా, చప్పుడు చేస్తూ తాగాడు. ఇంకోటి అడిగాడు. రెండో గ్లాసు సగంలో ఉండగా డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"అక్కా... నాకూ ఒకటి."

టీ అయ్యాక బాబాయి కొట్టు వెనక ట్యాంకరు నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి, తడి తలతో, వేరే చొక్కాతో, వేరే చెప్పులతో తిరిగొచ్చాడు. గేటు దగ్గర, తోడిన చమురు మోసుకెళ్లే బండ్ల మధ్య నిలబడ్డాక అలాగే దర్జీ బావి దగ్గరికి వెళ్లడం ఆయన వల్ల కాదు. చలికాలం. పళ్లు టకటకలాడుతుంటే సైకిలెక్కాడు. అది మొదలు ప్రతి మంగళవారం ఇదే తంతు: కుండ, సీసా, రెండు టీలు, చన్నీళ్ల స్నానం.

మేనేజరుగారు పిలిపించారు. "పదమూడో సీసా ఎవరు పెట్టమన్నారు?"

"వరస పెట్టమంది సార్."

ఆ వరసతో రెండేళ్లుగా యుద్ధం చేసి ఓడిపోయిన మనిషి, ఫైలు తెరుచుకున్నారు.

నెల గడిచింది. పెద్దమ్మ ఊసు మళ్లీ రాలేదు. గ్లాసులు ఆరే తీరిక లేకుండా తిరుగుతున్నాయి. పుస్తకమ్మాయికి మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. ల్యాబు నుంచి వచ్చే కాగితంలో పన్నెండు వరసలే ఉంటున్నాయి. పుస్తకంలో పదమూడు. ఒకటో సీసా ఎదురుగా రిజల్టు గడి ప్రతి వారం ఖాళీ. సీసాలు పెట్టెలో సర్దేది బాబాయి కాబట్టి ఆమెకు అంతకు మించి తెలియదు. ఒకవేళ కుండ నీళ్లలోనే ఏదైనా తేలిందా? తేలితే చెప్పలేక దాచేస్తున్నాడా? తల్లి రోజూ వందమందికి ఆ నీళ్లతోనే టీ ఇస్తోంది.

ఆరో మంగళవారం సాయంత్రం పుస్తకం పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లింది. తనంతట తాను ఒకరి తలుపు తట్టడం ఆమెకు అదే మొదలు.

పిన్ని తలుపు తీసింది. "రా అమ్మా, ఆయన స్నానంలో ఉన్నాడు. మంగళవారం కదా, రెండో స్నానం. నాకు ఉతకడానికి రెండు చొక్కాలు, కడగడానికి రెండు జతల చెప్పులు. ఏం చేస్తున్నారే ఆయన్ని అక్కడ?"

అమ్మాయి చూపు వంటింటి వైపు పోయింది. వంటింటి అరలో ఐదు గాజు సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో చొక్కా గుండీలు. ఐదింటి మీదా ఆమె రాతే: 'ఒకటో సీసా. టీకొట్టు కుండ. 6.10.' ఆరోది నిండుగా భోజనాల బల్ల మీద ఉంది.

"పిన్నీ... ఇవి ల్యాబుకు..."

"ల్యాబుకా! ఆ పెట్టెలో పన్నెండు గుంతలే ఉంటాయట. ఆ నీళ్లు ఎలాగూ నింపే చోటే పరీక్ష చేస్తారట. మరి ఇదెందుకు మోసుకొస్తావంటే, నా వరస వల్ల ఒక కొట్టు ఎండిపోయింది, నా వరసే దాన్ని తడపాలి అంటాడు. పారబోయమంటే, చీటీ అంటించాక పారబోయకూడదట. అన్నం దగ్గర పెట్టుకుని చుక్క మిగలకుండా తాగుతాడు. రెండు వారాలుగా సగం నేను లాక్కుంటున్నా. ఆయనొక్కడికే ఏంటంట ప్రత్యేకం?"

బాబాయి తల తుడుచుకుంటూ వచ్చాడు. అమ్మాయిని చూశాడు, అరను చూశాడు, పిన్నిని చూశాడు. తువ్వాలు తల మీద అలాగే ఉంచుకున్నాడు, కాస్త ముఖం దాగుతుందని.

"బాబాయ్," అంది అమ్మాయి, ఈసారి గ్లాసుల వైపు చూడకుండా. "ఒకటో సీసా రిజల్టు గడి ఖాళీగా ఉంది. ఏం రాయను?"

బాబాయి సీసా మూత తీసి, రెండు గ్లాసుల్లో సమంగా పోశాడు. మొదటి గ్లాసు పిన్ని చేతికిచ్చాడు.

"ముందు నాకా?" అంది పిన్ని.

"వరస," అన్నాడు బాబాయి.

పిన్ని పొయ్యి వైపు తిరిగిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా గరిటె తీసుకుని అటూ ఇటూ సర్దింది. అమ్మాయి పుస్తకంలో తల పెట్టేసింది.

"రాసుకో," అన్నాడు బాబాయి.

ఆమె అప్పటికే రాస్తోంది, స్కేలు పెట్టినట్టు తిన్నగా: 'తాగినవారు: ఒకటి, పిన్ని. రెండు, బాబాయి. ఇద్దరూ కులాసా.'